పోటుకు నీరు, ఆటుకు నేల: తీరంలో సర్వే అనుమతుల గురించి మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ముంబయిలో స్థిరమైన ఉద్యోగం వదులుకుని కాకినాడలో సొంతంగా సర్వే సంస్థ పెట్టావని విన్నప్పుడు నాకు కోపం రాలేదు. కానీ మొదటి పనిగా గౌతమి ముఖద్వారం నుంచి కోరింగ పాయల మీదుగా సముద్రంలోకి వెళ్లే గ్యాస్ పైపులైను మార్గాన్నే ఎంచుకున్నావని తెలిసినప్పుడు అన్నం సహించలేదు. మన కుటుంబంలో నా తరవాత ఆ బురదలో దిగబోయేది నువ్వేనని గర్వంగా ఉంది, ఆ బురద సంగతి తెలిసినవాణ్ని కనుక భయంగానూ ఉంది. నువ్వు పంపిన ప్రణాళికలో పరికరాల గురించి పేజీలకు పేజీలు రాశావు, అనుమతుల గురించి మాత్రం ఒకటిన్నర పేజీతో సరిపెట్టావు. సముద్రపు అడుగును శబ్దంతో చూసే సైడ్ స్కాన్ సోనార్ గురించీ, ఆ అడుగు కింది పొరలను చూపే సబ్‌బాటమ్ ప్రొఫైలర్ గురించీ నీకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఉద్యోగ జీవితమంతా, నేలలోకి పేలుళ్లతో తరంగాలు పంపి చమురు జాడ వెతికే సైస్మిక్ బృందాల్లో అనుమతులు తెచ్చే పర్మిట్ మ్యాన్‌గా గడిపినవాణ్ని కాబట్టి, ఆ ఒకటిన్నర పేజీ గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. చమురు, గ్యాస్ కోసం కేటాయించిన ప్రాంతానికి ఇచ్చే బ్లాకు లైసెన్సు చమురు సంస్థది, నీది కాదు. దాని నకలు, సరిహద్దు బిందువుల జాబితా, గడువు తేదీ తెప్పించుకుని నీ దరఖాస్తుకు జతచెయ్యి. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టాన్ని 2025లో సవరించారు కనుక, పాత స్నేహితుల దగ్గర దొరికే నమూనా పత్రాలు నింపి పంపవద్దు. నౌకాదళం వారి భద్రతా అనుమతి ఫలానా పడవకు, అందులోని ఫలానా మనుషులకు అని వస్తుంది, పడవ మారిస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది. విదేశీ నిపుణుడు ఎవరైనా వస్తే అతని సంచిలో శాటిలైట్ ఫోన్ ఉందేమో ముందే అడుగు, అనుమతి లేకుండా దాన్ని మన దేశంలో వాడితే అరెస్టు దాకా వెళ్తుంది. సర్వే జరిగే ప్రాంతం, తేదీలు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయానికి ముందుగా రాస్తే, వారు నావికులకు హెచ్చరిక జారీ చేస్తారు. కోస్ట్ గార్డుకూ, మెరైన్ పోలీసులకూ, పోర్టు అధికారికీ ఒకే రోజున ఒకే నకలు అందేలా చూడు. ఒక కార్యాలయానికి తెలిసిన సంగతి పక్క కార్యాలయానికి తెలిసి ఉంటుందని అనుకోవడం ఈ వృత్తిలో చేరిన ప్రతి పిల్లవాడికీ ఉండే భ్రమ. గ్యాస్ ప్లాట్‌ఫామ్ చుట్టూ 500 మీటర్ల లోపలికి పోవద్దు. పాత పైపులు ఉన్నచోట లంగరు వేయవలసి వస్తే ఆ పైపు ఎవరిదో వారి చేత రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకో. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపు పేలిన తరవాత, కోనసీమలో పైపు అన్న మాట వినపడితే జనం ఎలా చూస్తారో నీకు తెలియనిది కాదు.

అసలు సంగతి వేరే ఉంది. సర్వే సాగే దారిగా పటం మీద నువ్వు గీసుకున్న ప్రతి గీత కిందా ఉన్న నేల ఎవరిదన్నది దరఖాస్తు రాయడానికి ముందే తేల్చుకోవాలి. రాజ్యాంగంలోని 297వ అధికరణం ప్రకారం ప్రాదేశిక జలాల అడుగున ఉన్న నేల, అందులోని ఖనిజాలు కేంద్రానివి. 1976లో చేసిన చట్టం ఆ జలాలను 12 నాటికల్ మైళ్ల వరకు నిర్ణయించింది. అవే జలాల్లో చేపల వేట మీద అజమాయిషీ మాత్రం రాష్ట్రానిది. నీరు దాటి ఒడ్డెక్కితే ఏటి పోరంబోకు, అక్కడ తహసీల్దారు ఉంటాడు. మడ చెట్ల మధ్యకు వెళ్తే అటవీ శాఖ. అందులోనూ 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న కోరింగ సరిహద్దు లోపల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా పరికరం సరే, కాలు కూడా పెట్టరాదు. పడవ గౌతమిలో కాస్త పైకి వెళ్తే యానాం తగులుతుంది. అది పుదుచ్చేరి పాలనలో ఉంది కనుక అక్కడి రేవులో మన తహసీల్దారు సంతకం ఎవరికీ పనికిరాదు. మా రోజుల్లో తూర్పు గోదావరి అంతటికీ ఒక్కరే కలెక్టరు. 2022 ఏప్రిల్ నుంచి తాళ్లరేవు కాకినాడ జిల్లాలోనూ, ఐ.పోలవరం, కాట్రేనికోన కోనసీమ జిల్లాలోనూ ఉన్నాయి. నీ గీతలు రెండు జిల్లాల్లో పడుతున్నాయి, నీ దరఖాస్తులో ఒక్క కలెక్టరే ఉన్నారు. ఇంత చదువుకున్న దానివి, ఇది ఎలా వదిలేశావో నాకు అర్థం కాలేదు.

హ్యూస్టన్‌లో ఉన్న మన పెద్దన్నయ్య కొడుకు, అక్కడ ఇన్ని గుమ్మాలు ఎక్కనక్కరలేదని మొన్న నాతో వాదించాడు. టెక్సస్‌లో తీరం నుంచి సుమారు 9 నాటికల్ మైళ్ల దాకా సముద్రం అడుగున ఉన్న నేల రాష్ట్రానిదే, అక్కడ సర్వేకు జనరల్ ల్యాండ్ ఆఫీసు పర్మిట్ ఇస్తుంది, ఆ గీత దాటితే కేంద్ర ప్రభుత్వానిది. వాడు చెప్పింది నిజమే. అయితే ఆ గీత ఎంత దూరాన ఉండాలన్న తగాదా 1960లో వాళ్ల సుప్రీంకోర్టు తీర్పుతో గానీ తేలలేదని వాడికి గుర్తు చేశాను. గీత ఎక్కడన్న ప్రశ్న లేని తీరం నేను ఎక్కడా వినలేదు.

మన దగ్గర ఆ ప్రశ్న రోజూ రెండు సార్లు కొత్తగా పుడుతుంది. పోటుకు నీరుగా ఉన్న చోటు ఆటుకు నేల అవుతుంది. వీటన్నిటి మీదా సీఆర్‌జెడ్, అంటే తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఉంది, మొదటిది 1991 ఫిబ్రవరి 19న, తరవాతిది 2011లో, ఆ తరవాతిది 2019 జనవరి 18న వచ్చాయి. 2019 నాటి దాని ప్రకారం మడ అడవులూ, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మేటలూ ఒకటి-ఏ. పోటు గీతకూ ఆటు గీతకూ మధ్య నేల ఒకటి-బి. ఆటు గీత నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా నాలుగు-ఏ. పోటు నీరు ఎక్కే పాయలు, ఉప్పుటేళ్లు నాలుగు-బి. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ ఉంటే దాని చుట్టూ మరో 50 మీటర్లు వదలాలి. ఈ నాలుగు పేర్లనూ నువ్వు తప్పుల్లేకుండా రాశావు. కానీ ఏది ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి పాత టోపోషీటు, అంటే సర్వే శాఖ అచ్చువేసిన పటం మీద గీతలు గీసి పంపావు. నాకు నిద్ర పట్టకుండా చేసింది అదే.

1996 తుపానుకు ముందటి సంవత్సరం నేను ఒక కాంట్రాక్టు సైస్మిక్ బృందంలో కొత్తగా చేరాను. ఆ సంస్థ పేరు ఇప్పుడు అనవసరం. బృందానికి పెద్ద అయిన పార్టీ చీఫ్ మంచి చదువరి, గణితంలో దిట్ట, ఉత్తరాది నుంచి వచ్చినవాడు. ఆయన దగ్గర ఉన్న టోపోషీటులో కాకినాడ అఖాతం దక్షిణపు అంచు అంతా నీలం రంగులో ఉండేది. నీలం రంగు నీరు, నీరు కేంద్రానిది, కేంద్రం లైసెన్సు చేతిలో ఉంది అని ఆయన లెక్క. ఆ లెక్క ప్రకారమే కాగితాలన్నీ తయారయ్యాయి, అటవీ శాఖకు ఉత్తరం ముక్క కూడా వెళ్లలేదు. ఆ షీటుకు ఆధారమైన సర్వే జరిగి ఎన్నేళ్లయిందో ఆయన చూడలేదు. గోదావరి ఏటేటా వరదలో తెచ్చే ఒండ్రు అక్కడ మేట వేస్తుందని, హోప్ ఐలాండు ఇసుక దిబ్బ ఉత్తరంగా పెరుగుతూ అఖాతంలో అలల ఉధృతిని తగ్గించిందని, నీరు నిలకడగా ఉన్నచోట మేట మీద ముందు ఉప్పుగడ్డి, ఆ వెనక తెల్లమడ లేస్తాయని ఆ ఊళ్లలో పీతలు పట్టే పిల్లవాణ్ని అడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు.

మేము పడవల్లో వెళ్లేసరికి ఆటు మొదలైంది. కాసేపట్లో పడవ అడుగు బురదకు తగిలి ఆగిపోయింది. పటంలో నీలంగా ఉన్నచోట నడుము ఎత్తున మడ మొక్కలు, వాటి చుట్టూ బురదలోంచి పెన్సిళ్ల లాగా పైకి పొడుచుకు వచ్చిన శ్వాస వేళ్లు. కొంచెం ఎగువన తిల్ల చెట్లు. కేబుల్ పరచడానికి దారి కావాలని, చీఫ్ రేడియోలో దారి కొట్టమన్నాడు. రోజు కూలీకి వచ్చిన కుర్రాళ్లు, అందరూ ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లే, కత్తులు తీశారు. తిల్ల కొమ్మ నరికితే తెల్లటి పాలు చిమ్ముతాయి, అవి కంట్లో పడితే మంట భరించలేం. ఆ సంగతి తెలిసిన కుర్రాడు ఒకడు తలగుడ్డ విప్పి నా మొహానికి కట్టాడు. వాడి పాదాల అడుగున శ్వాస వేళ్లు గుచ్చుకుని రక్తం కారుతూ ఉంది, వాడు మాత్రం నా కళ్ల గురించి కంగారు పడ్డాడు.

మర్నాడు పోటు వేళకు అటవీ శాఖ పడవ వచ్చింది. కేబుళ్లూ, పడవలూ స్వాధీనం చేసుకున్నారు. 1967 నాటి అటవీ చట్టం కిందా, 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందా కేసు రాశారు. వాళ్లు చేసింది తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. మడలో కత్తి పట్టుకుని ఎవరు కనిపిస్తే వాళ్ల పేరు రాసుకోవడం వాళ్ల విధి. కత్తులు కుర్రాళ్ల చేతుల్లో ఉన్నాయి, పటం చీఫ్ గదిలో ఉంది. సంస్థ న్యాయవాదిని పెట్టి పరికరాలు విడిపించుకుని, ఆ గీతలు వదిలేసి మరో బ్లాకుకు వెళ్లిపోయింది. కేసు మాత్రం ఆ పిల్లల మీద ఏళ్ల తరబడి నడిచింది. వాయిదా పడిన ప్రతిసారీ వాళ్లకు ఒక రోజు వేట పోయేది, బస్సు ఖర్చు అదనం. నేను సెలవు పెట్టి వాళ్లతో కోర్టు వరండాలో కూర్చునేవాణ్ని, అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

నీ పటంలో తూర్పు చివరి గీతలు సరిగ్గా ఆ చోటునే ఉన్నాయి తల్లీ. నువ్వు దారి కొట్టించవని నాకు తెలుసు, పేలుడు పదార్థాలు వాడవనీ తెలుసు. అయినా నీ పడవ బురదలో ఆగితే దిగి తోసేది మళ్లీ ఆ ఊళ్ల కుర్రాళ్లే. కనుక దరఖాస్తు పెట్టడానికి ముందే, కేంద్ర పర్యావరణ శాఖ గుర్తించిన సంస్థల్లో ఒకదాని చేత పోటు, ఆటు గీతలతో 1:4000 స్కేలులో పటం గీయించు. ఖర్చు ఎక్కువే, ఒప్పందంలో అడుగు, ఇవ్వకపోతే ఆ గీతలు వదులుకో. ఆ పటం చేతికి వచ్చాక కూడా నమ్మేయకుండా, అమావాస్య మర్నాడు నీరు బాగా తీసిన వేళ జీపీఎస్ పట్టుకుని అంచు వెంట పడవలో తిరిగి చూసుకో. రాతలో కూడా ఒక జాగ్రత్త ఉంది. “సర్వే సముద్రంలో జరుగును” అని ఒక్క వాక్యంలో తేల్చేయకుండా, ఏ గీత ఏ బిందువు దగ్గర సముద్రం నుంచి పాయలోకి, పాయ నుంచి బురద నేలలోకి వస్తుందో, ఆ ముక్కకు ఎవరి అనుమతి అడుగుతున్నావో విడివిడిగా పట్టికలో చూపించు. గుమస్తా చదివేది పట్టికనే, అధికారి సంతకం పెట్టేది గుమస్తా రాసిన నోటు మీదనే.

ఇప్పుడు నీ మీద నిజంగా కోపం వచ్చిన వాక్యం. “తక్కువ శక్తి గల శబ్ద పరికరాలు మాత్రమే వాడుతున్నందున మత్స్యకారులకు ఎలాంటి ఇబ్బందీ ఉండదు” అని రాశావు. వాళ్ల వల తెగేది నీ శబ్దానికి కాదమ్మా, పడవ వెనక నువ్వు లాగే కేబుల్‌కి. అడుగున ఉన్న ఇనుమును పసిగట్టే మాగ్నెటోమీటరు పడవ వెనక ఎంత దూరాన వస్తుందో నీకు తెలుసు, చీకట్లో వల వేసుకుని పడుకున్న ఫైబర్ బోటు వాడికి తెలియదు. పైపులైను పనుల వల్ల వేట పోయిందని నెలల తరబడి దీక్షల్లో కూర్చున్న ఊళ్లు అవి. ఢిల్లీ కాగితం చూపిస్తే దండం పెట్టి దారి ఇస్తారని అనుకోకు. కాగితం తీసుకుని మత్స్యశాఖ కార్యాలయానికి వెళ్లే ముందు ఊళ్లోకి వెళ్లు. రామాలయం అరుగు మీద పెద్దలతో పాటు ఆడవాళ్లనూ కూర్చోబెట్టు, ఎందుకంటే వల కొన్న అప్పు ఎంతో, ఎవరి దగ్గర తెచ్చారో చెప్పేది వాళ్లే. గీతల పటం తెలుగులో, లోతులు బారల్లో రాయించి అక్కడే గోడకు అంటించు. కాపలా పడవలు ఆ ఊరివే కుదుర్చుకో, వాటి మీద వయసు మళ్లిన, నోరు మంచిదైన మనిషిని పెట్టు. ఏటి మధ్య గుంజలు పాతి కట్టిన వలలు ఎక్కడున్నాయో ఆ మనిషి చేత ముందే గుర్తులు పెట్టించు. వల తెగితే ఆ రోజే ఫొటో తీసి, ఆ రోజే లెక్క కట్టి, ఆ రోజే డబ్బు చేతిలో పెట్టి రసీదు రాయించుకో. హెడ్డాఫీసు ఆమోదం వచ్చాక ఇస్తామన్నావా, మర్నాడు నీ పడవ చుట్టూ నలభై పడవలు ఉంటాయి, వాళ్లను నేను తప్పుపట్టను.

ఇక కాలం సంగతి. ప్రణాళికలో నవంబరు అని రాశావు. దాన్ని కొట్టెయ్యి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. వలలు తక్కువగా ఉండేదీ, నీరు కొంచెం నిదానంగా ఉండేదీ ఆ రోజుల్లోనే, ముఖ్యంగా మే నెల చివరి దాకా. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు హోప్ ఐలాండు వైపు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ తరవాత కొన్ని వారాలకు పిల్లలు బయటికి వస్తాయి కనుక ఆ ఒడ్డుకు దగ్గరగా రాత్రి పని పెట్టుకోకు, దీపాలు అసలే వద్దు. పాయల్లో పని మాత్రం నిషేధ కాలంలో కూడా తెరచాప, తెడ్డు పడవలు తిరుగుతాయని గుర్తుంచుకుని చేసుకో.

నవంబరు ఎందుకు వద్దంటున్నానో మీ అమ్మకు తెలుసు, నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. మీ అమ్మా నేనూ కొబ్బరి చెట్లు విరిగే చప్పుడు వింటూ తెల్లవార్లూ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాం. భైరవపాలెం వైపు నుంచి వేటకు వెళ్లిన వాళ్లలో ఎంతోమంది తిరిగి రాలేదు. నా మొహానికి తలగుడ్డ కట్టిన ఆ కుర్రాడు వాళ్లలో ఒకడు. తరవాతి వాయిదాకు కోర్టులో వాడి పేరు పిలిచారు. మరణ ధ్రువీకరణ పత్రం ఉంటే గానీ కేసులోంచి పేరు తీయడం కుదరదన్నారు. శవం దొరకని మనిషికి ఆ పత్రం తెచ్చుకోవడం ఎంత కష్టమో వాడి తల్లితో పాటు కార్యాలయాల చుట్టూ తిరిగి తెలుసుకున్నాను. ఇప్పుడు వాతావరణ హెచ్చరికలు రోజుల ముందే వస్తాయని నువ్వు అంటావు. నిజమే, వస్తాయి. కానీ అద్దె పడవ రోజుకు ఇంత అని మీటరు తిరుగుతూ ఉంటే, ఇంకొక్క గీత పూర్తి చేసి వద్దామనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. ఆ మాట నీ పడవలో పుట్టకూడదంటే ఆ నెలలో పడవే ఉండకూడదు.

సంస్థ వాళ్లు గడువు గురించి ఒత్తిడి చేస్తే, అనుమతులు నవంబరుకు రావని చెప్పు. అబద్ధం కూడా కాదు. అభయారణ్యం ఫైలు ఒక్కటే అంతకాలం తీసుకుంటుంది. ఈలోగా సోనార్‌కు అడ్వాన్సు ఇవ్వకు, అద్దె పరికరం గోదాములో ఉంటే మనసు తొందర పడుతుంది. సమాచారాన్ని విశ్లేషణకు బయటి దేశానికి పంపే ఉద్దేశం ఉంటే దానికి విడిగా అనుమతి కావాలి కనుక, ఆ పని హైదరాబాదులోనే చేయించుకునే వీలు చూడు.

వచ్చే అమావాస్యకు నేను కాకినాడ వస్తున్నాను. తాళ్లరేవు దగ్గర పడవ మాట్లాడి పెట్టు, లోతు తక్కువది అయితే మంచిది. నా మోకాళ్లు బురదలో దిగడానికి ఒప్పుకోవు కానీ, పడవలో కూర్చుని ఏది పాత ఒడ్డో ఏది కొత్త మేటో చూపించగలను. మీ అత్తయ్యకు మాత్రం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను. ఆవిడ ఫోన్ చేస్తే నువ్వూ అదే చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య